ఒంటికంటి కొలత

…అయినా ఆ గుంజలన్నీ ఒకే ఎత్తని నాకు తెలుసు. వాటిని తాడుతో కొలిచి నాటింది నాయనే. పలకలు రుద్దే కొట్టానికి అటూ ఇటూ వరసగా పాతిన వేప గుంజలు. వాటిలో ఒక్కటి కూడా పొట్టిది కాదు. కానీ కొట్టం ఈ కొసన నిలబడి చూస్తే ఒకదాని వెనక ఒకటి కుంగిపోతూ ఉంటాయి, వాటికి ఎవరో కాని కబురు చెప్పినట్టు. తెలిసినదాన్ని గీయాలా, కనిపించినదాన్ని గీయాలా? తెలిసినదాన్ని గీస్తే మాస్టరు గారు తప్పంటారు. కనిపించినదాన్ని గీస్తే నా చెయ్యే అబద్ధమంటుంది. ఇంత చిన్న సంగతి మనిషిని ఇంతగా అలిసిపోయేట్టు చేస్తుందని ఆ ఎండాకాలానికి ముందు నేను అనుకోలేదు.

ఐదో జార్జి చక్రవర్తి పోయాడని బడికి సెలవిచ్చిన ఏడు అది. నేను మార్కాపురం మిషను బడిలో చిన్న తరగతి ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. నాయన అబ్రహాము ఊరి బయట పలకల గనిలో రాయి పొరలు విప్పేవాడు. అమ్మ భాగ్యమ్మ కొట్టంలో కూర్చుని, ఇసుకా నీళ్ళూ పోసి ఆ పొరలను పలకలయ్యేదాకా నున్నగా రుద్దేది. నేను ఆ పలకల మీదే పిల్లల చేత రాయించేదాన్ని. మా ముగ్గురి చేతుల మీదా ఒకే బూడిదరంగు దుమ్ము ఉండేది. వేసవిలో కర్నూలులో జరిగే గవర్నమెంటు డ్రాయింగు పరీక్ష ప్యాసైతే నన్ను డ్రాయింగు టీచరుగా ఖాయం చేస్తామని బడి దొరసాని చెప్పింది. పరీక్షకు ముందు కొన్ని వారాలు అక్కడే ఉండి సాధన చెయ్యాలి. పెట్టెలూ చెంబులూ మెట్లూ మనుషులూ దూరాన్ని బట్టి ఎట్లా కనిపిస్తే అట్లా గీయాలి. దాన్ని మాస్టరు గారు పర్‌స్పెక్టివ్ అనేవారు. నేను మనసులో దూరం గీయడం అనుకునేదాన్ని. ఆ ఎండాకాలం ముగిసేసరికి మా ఇంట్లో పొద్దున్నే సద్ది కట్టుకుని బయల్దేరేది ఎవరన్నది మారిపోయింది.

మాస్టరు నిత్యానందం గారు పింఛను పుచ్చుకున్న మనిషి. శనివారాలు కంభం నుంచి రైల్లో వచ్చి నాకు పాఠం చెప్పి పోయేవారు. ఆయనకు ఉబ్బసం. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగేవారు. ఆ ఆగినంతసేపట్లో మన తప్పు మనకే కనిపించేది. నేను చర్చి వీధిని గీసుకుపోయిన రోజున ఆయన చాలాసేపు ఊపిరి తీసుకున్నారు.

"ఈ మనిషెవరమ్మా?"

"మా నాయనండీ. గని నుంచి వస్తున్నాడు."

"ఎంత దూరంలో ఉన్నాడు?"

"ఊరి చివర."

"ఊరి చివర నుంచే చర్చి తలుపంత ఎత్తున్నాడే. మీ ఇంటికొచ్చేసరికి శిఖరం దాటిపోతాడు గదా. మీ దూలాలు ఎత్తించుకోండి."

నాకు సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది. "దూరంగా ఉన్నాడని నాయన్ని చీమంత చెయ్యమంటారా?"

"నేను చెయ్యమనలేదు. దూరం చేసింది. నువ్వు ఆయన్ను ప్రేమతో గీస్తున్నావు. ప్రేమ కొలత కాదు." ఆయన నా చెయ్యి చాపించి పెన్సిలు నిలువుగా పట్టించారు. "ఒక కన్ను మూసుకో. రెండూ తెరిచి చూస్తే లోకం నీకు లోతు చూపించి మురిపిస్తుంది. కాగితానికి లోతు లేదు. దానికుండేది ఒకటే కన్ను. నువ్వు దాని కన్నుతో చూడాలి."

ఒక కన్ను మూసుకుని లోకాన్ని చూడడం మొదట్లో నాకు విశ్రాంతిగా ఉండేది. అన్నీ ఒకే అద్దం మీద అతికించినట్టు, ఏదీ నా మీదికి రాకుండా, ఏదీ నన్ను పిలవకుండా ఉండేవి. తర్వాత తల నొప్పి పట్టుకునేది. నేను చూస్తున్నది నిజం కాదని నాలో ఎవరో అంటూ ఉంటే, వాళ్ళ నోరు మూయించడానికే సగం బలం పోయేది.

మా వీధిలో నిలబడి సాధన చేస్తుంటే ఎదురింటి జ్ఞానమ్మత్త బిందె కింద పెట్టి మరీ నవ్వింది.

"ఏమ్మే మణీ, ఎవురికి కన్ను కొడతండావు? ఆ ఇంట్లో ఉండేది ముసలి ఆదెయ్య ఒక్కడే గదా!"

"ఇల్లు కొలుస్తున్నా అత్తా."

"కొలిచేదానికి మూరల్లేవా? కన్ను ముయ్యాల్నా? రేపట్నుంచి ఆదెయ్య తలకు నూనె రాసుకోని అరుగు మీదే కూచుంటాడు చూడు."

అమ్మ మాత్రం నవ్వలేదు. బయటికొచ్చి నా చేతిలో పెన్సిలు కిందికి దించింది. "కన్ను తెరువు. ఒంటికన్ను ఆటలు ఈ ఇంట్లో వద్దు."

గని వాళ్ళ ఇళ్ళలో ఆ భయం ఉండేది. రోజూ పొద్దున గుంతలోకి ముందుగా ఒకే మనిషి దిగాలి. అతను పొర మీద మొదటి దెబ్బ వేసి, రాయి మంచిగా విచ్చుకుంటే పైకి కేక వేస్తాడు. అప్పుడు తక్కినవాళ్ళు దిగుతారు. దాన్ని తొలి ఉలి అనేవారు. అది వేసేవాడు హస్తవాసి ఉన్నవాడై ఉండాలి, అంగలోపం లేనివాడై ఉండాలి. ఒంటికన్ను మనిషి ఎదురైతేనే ఆ రోజు గుంతలోకి దిగేవాళ్ళు కాదు. మస్తానయ్య మేస్త్రీ గనికి వచ్చినప్పటి నుంచి తొలి ఉలి నాయనదే. మేము చర్చికి పోయేవాళ్ళం, శకునాలు చూడకూడదు. కానీ ఆ శకునం మా నాయనకు రోజుకొక్కసారి ఒక గౌరవం ఇచ్చేది. గని ఉన్న చేను కొండయ్యది. ఊళ్ళో ఆయన వీధి వెంట నాయన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. గని గట్టు మీద మాత్రం కొండయ్యంతటి రైతు కూడా నాయన వెనక నిలబడి, నాయన కేక కోసం చెవి పెట్టి వినేవాడు. ఆ కాస్తసేపు కోసం నాయన తక్కిన రోజంతా మోసేవాడనుకుంటాను.

ఒక సాయంత్రం పందిరి కింద చెక్కపెట్టె బోర్లించి, దాని మీద ఇత్తడి చెంబు పెట్టి గీశాను. ఆ రోజు మొదటిసారి నా చెయ్యి వాదించడం మానేసింది. పెట్టె అంచులు వెనక్కి పోతూ ఒకదాని వైపు ఒకటి ఒరిగాయి, చెంబు మూతి గుండ్రం అణిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. ఏదీ తెలిసినట్టు లేదు, అన్నీ కనిపించినట్టే ఉన్నాయి. కాగితాన్ని పెట్టె పక్కనే గోడకు ఆనించి కూర్చున్నాను. నాయన వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"దీంట్లో నువ్వేసింది ఏది?"

"ఎగతాళి చేస్తున్నావా నాయనా?"

"ఎగతాళి గాదే. రెండూ ఒకటే మాదిరుండాయి. ఆ చెంబైనా పట్టుకోవచ్చు, ఈ చెంబైనా పట్టుకోవచ్చు."

నాయన నా బొమ్మను మెచ్చుకోవడం అదే మొదలు. నేను తల ఎత్తేలోగా ఆయన నీళ్ళ కోసం చెంబు వైపు చెయ్యి చాపాడు. వేళ్ళు చెంబుకు జానెడు ఇవతలే ముడుచుకున్నాయి, గాలిని పట్టుకున్నట్టు. అక్కడే కాసేపు ఆగాయి. తర్వాత చెయ్యి మెల్లగా ముందుకు జరిగి, వేలి కణుపు చెంబుకు తగిలాక, పట్టుకుంది.

"ఎండకు కండ్లు బైర్లు కమ్మినాయి," అన్నాడు.

అడగనిదానికి జవాబు చెప్పాడు గనకనే నేను ఆగిపోయాను. లేకపోతే మర్చిపోయేదాన్ని. ఆయన కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాక, ఎడమ కన్ను మూసుకుని, చెంబులో నీళ్ళు లోటాలోకి వంచాను. నీళ్ళు లోటా అంచుకు ఇవతల, మట్టి మీద పడ్డాయి.

ఆ ఏడు శివరాత్రి రోజుల్లో ఉలి కింద నుంచి రాతి పెచ్చు ఎగిరి నాయన ఎడమ కంటికి తగిలింది. బాలింతరాలి చనుబాలు తెచ్చి అమ్మ కంట్లో పిండింది. గుడ్డ కట్టుకుని కొన్నాళ్ళు తిరిగాడు. ఎరుపు పోయింది, గుడ్డ తీసేశాడు, మేమంతా దాన్ని మర్చిపోయాం. ఈ చెంబు సంగతికి ముందు శనివారం నేను నాయన ముఖం గీసుకుపోతే మాస్టరు గారు ఎడమ కన్ను మీద వేలు పెట్టి, "రెండు కళ్ళూ ఒకే చోటికి చూడాలి. ఇది గోడ వైపు పోయింది, సరిచెయ్యి," అన్నారు. నేను చెరిపి సరిచేశాను. చెరపక ముందు ఉన్నదే సరైనది. నా చెయ్యి చూసింది, నేను చూడలేదు.

నాయన మెప్పు గుర్తొచ్చింది. రెండూ ఒకటే మాదిరి ఉన్నాయంటే నా బొమ్మకు లోతు వచ్చిందని కాదు. ఆయనకు కనిపించే పెట్టెకే లోతు పోయిందని. నాకు దొరికిన ఆ మొదటి మెప్పును దాచుకోవాలో పారెయ్యాలో తెలియక, నీళ్ళు పడిన తడి ఆరేదాకా అక్కడే కూర్చున్నాను.

మర్నాడు బడి అయ్యాక కొట్టానికి వెళ్ళాను. అమ్మ పలక మీద ఇసుక పోసి రుద్దుతోంది. చెయ్యి ముందుకూ వెనక్కూ పోతోంది, నడుం దానితో పాటు పోతోంది. ఆ కదలికలో అమ్మ అనే మనిషి ఎక్కడుందో తెలిసేది కాదు.

"అమ్మా, నాయన ఎడమ కన్ను…"

"రుద్దేటప్పుడు మాట్లాడొద్దు. గీత పడతది."

నేను ఎదురుగా కూర్చున్నాను. పలక నీళ్ళతో కడిగి, వెలుగుకు పెట్టి చూసి, పక్కన పెట్టాక అంది. "కంచం ఎడమ పక్కకు జరిపితే తడుముకున్న్యాడు. ఆ పొద్దు నుంచి కుడి పక్కన పెడతండా. నడిచేటప్పుడు ఆయన ఎడమ పక్కన నడుస్తండా. అంతే."

"మరి చెప్పలేదే?"

"ఎవురికి చెప్పేది? ఆయనకా? ఆయనకు తెలుసు గదా."

"నాకు."

"నీకు చెప్తే ఏమైతది? నువ్వు గూడా నా మాదిరి కంచం జరుపుతావు." ఇంకో పలక తీసుకుంది. "మస్తానయ్య చెవిన పడిందంటే ఆ మధ్యాన్నానికే ఇంటికి పంపిస్తాడు. నాయన ఇంట్లో కూచుంటే నువ్వు నా పక్కన ఇసుక పోసుకోని కూచోవాల. కర్నూలు లేదు, బొమ్మలు లేవు. నువ్వు పొయ్యి పరీచ్చ రాసి వచ్చేదాకా ఎవురికీ ఏమీ తెలీదు. నీకూ తెలీదు. నాకూ తెలీదు. రోజూ దిగే గుంత మెట్లు ఆయన కాళ్ళకు తెలుసు, కండ్లతో పనిలేదు."

అమ్మ చెప్పినట్టే కొన్నాళ్ళు నడిచింది. ఒకే ఇంట్లో ముగ్గురం ఒకే సంగతిని ఒకరి నుంచి ఒకరం దాచుకున్నాం. తెలియనట్టు ఉండడం అంటే ఊరికే ఉండడం కాదు. అది కూడా ఒక కూలిపనే. చెంబు ఆయన చేతికి అందేచోట పెట్టాలి, కానీ పెట్టినట్టు ఉండకూడదు. గడపలో చెప్పులు తీసెయ్యాలి, తీసినట్టు ఉండకూడదు. పొద్దుగూకేసరికి నేను పెన్సిలు పట్టలేనంత అలిసిపోయేదాన్ని.

మట్టల ఆదివారం ఇంకో రెండు రోజులుందనగా మస్తానయ్య మేస్త్రీ మా పందిరి కిందికి వచ్చి మంచం మీద చతికిలపడ్డాడు. "అబ్రహామన్నా, కొత్త గుంతలో నీలం పొర తగిలింది. తడిగుడ్డ మాదిరి మెరుస్తాది. ఈస్టరు పోయినాక సోమారం తొలి ఉలి. నీ చెయ్యి పడితే రాయి గూడా సిగ్గుపడి విచ్చుకుంటది."

"రాయికి సిగ్గుంటది మస్తానూ. నీకే లేదు. పోయిన వారం ఇస్తానన్న చుట్ట ఏది?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నాయన వీపు నిటారుగా అయింది. ఆయన ఆ గుంత లోతెంతని మామూలుగా అడిగాడు. "ఆరు నిలువులుంటది. మెట్లు నిట్టంగా కొట్టినాం, జాగా లేక," అన్నాడు మస్తానయ్య. లోపల అమ్మ గంటె చప్పుడు ఆగింది.

అతను పోయాక నేను ఉండలేకపోయాను.

"కొత్త గుంత మెట్లు నీ కాళ్ళకు తెలీవు గదా నాయనా."

నాయన నా వైపు తిరిగాడు. కుడి కన్ను నన్ను చూసింది. "ఎవురు చెప్పినారు? మీ అమ్మా?"

"చెంబు చెప్పింది."

ఆయన ముఖంలో ఏదో సడలింది. బరువు దించుకున్నవాడి ముఖం ఎట్లా ఉంటుందో అట్లా. నాకు అదే ఎక్కువ కష్టంగా తోచింది. "మానుకుంటే?" అన్నాను.

"మానుకుంటే ఎందుకంటారు. ఎందుకంటే ఏం చెప్పాల? తొలి ఉలి మర్నాడు, మంగళారం, నువ్వు కర్నూలు బండెక్కు. నువ్వు ఎక్కినాక నేను ఏమైనా చెప్పుకుంటా." తర్వాత అడిగాడు. "నువ్వు గూడా ఒక కన్ను మూసుకోనే గదా బొమ్మలేసేది. దగ్గర ఏదో దూరం ఏదో నీకెట్ల తెలుస్తది?"

ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది. మాస్టరు గారు లోతును పోగొట్టడం నేర్పారు. పోయిన లోతును తిరిగి తెచ్చుకోవడం ఎట్లా అని నాయన అడుగుతున్నాడు. రెండూ ఒకే పాఠమని, వెనక నుంచి చదవాలని, జవాబు చెప్పబోతూ నాకు తెలిసింది.

మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక, ఎండ తగ్గనిచ్చి, వేరేవాళ్ళు తవ్వి వదిలేసిన గుంత ఒకదాని దగ్గరికి పోయాం. అక్కడ మెట్లు నాయనకు కొత్త. పొద్దు మా వీపు మీద ఉంది. నేను ఒక కన్ను మూసుకుని నిలబడ్డాను, ఆయన పక్కన.

"ఒకటి ఇంకోదాన్ని కప్పితే, కప్పింది దగ్గర. కప్పబడింది దూరం," అన్నాను.

"అది మేకకు గూడా తెలుసు."

"నేల మీద గీతలన్నీ దూరం పోయేకొద్దీ ఒకచోటికి ఒరుగుతాయి. అట్లా పోయి పోయి ఒక చుక్కలో కలుస్తాయి."

"ఆ చుక్క యాడుంటది?"

"నీకు ఎదురుగా. నీ కన్నెంత ఎత్తులో ఉంటే అంత ఎత్తులో."

"కూచుంటే?"

"నీతో పాటు అదీ కూచుంటుంది."

నాయన నవ్వాడు. "మంచిదే. నేను కూచుంటే కూచునేది, లేస్తే లేసేది ఒకటుందన్న మాట."

మెట్ల దగ్గర మాత్రం ఏ సూత్రమూ పనికిరాలేదు. పైనుంచి చూస్తే అవి ఒక పలక మీద గీసిన అడ్డగీతల్లా ఉన్నాయి. ఒక కన్ను మూసుకుని చూసి నేనూ భయపడ్డాను. చాలాసేపు చూశాక ఒక సంగతి కనిపించింది. ప్రతి మెట్టూ తన కింది మెట్టు మీద నీడ వేస్తోంది. మెట్టు ఎంత లోతైతే నీడ అంత వెడల్పు. నాయన్ను నీడలు కొలవమన్నాను. సన్న నీడ చూసి కాలు కొంచెం దించాడు, మెట్టు అందింది. వెడల్పు నీడ చూసి ఎక్కువ దించాడు, అందింది. సగం దాకా దిగాక వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ఇన్నేండ్లు నీడలో కూచోడమే తెలుసు గాని, దాన్ని చదవొచ్చని తెలీదు."

కొత్త గుంత మెట్లు తూర్పు గట్టు నుంచి పడమరకు దిగుతాయి. పొద్దున్నే దిగితే ఎండ వీపు మీదే ఉంటుంది, నీడలు ముందు పడతాయి. ఆ వారమంతా నాయన సాయంత్రాలు ఆ వదిలేసిన గుంతకు పోయి వచ్చేవాడు. ముఖం మీద చెమటా దుమ్మూ ఉండేవి, కానీ చెంబు ఎక్కడ పెట్టినా సరిగ్గా అందుకునేవాడు. నేను మళ్ళీ బొమ్మలు వేశాను. కర్నూలుకు మూట కట్టడం మొదలుపెట్టాను.

ఈస్టరు రోజు మస్తానయ్య వచ్చాడు. "రేపు పొద్దున గాదన్నా. కొండయ్య వాళ్ళ పురోయితుణ్ణి అడిగినాడు. అభిజిత్తు లగ్నం పెట్టినారు. మిట్టమధ్యాన్నం. పొద్దున టెంకాయ కొట్టి పూజ చేస్తారు. అప్పట్నుంచి నీ ఉలి పడేదాకా ఎవురి పాదమూ, ఆడోళ్ళదైతే అసలే, గుంతలో పడకూడదు."

"సరే," అన్నాడు నాయన.

అతను పోయాక నన్ను పిలిచి అడిగాడు. "ఆ యాళకు నీడుంటదా?"

"ఉండదు."

"ఊ."

అమ్మ గడపలో నిలబడి ఉంది. జ్వరమని చెప్పమంది. తొలి ఉలి వేసేవాడికి జ్వరమంటే గుంతకు జ్వరమొచ్చినట్టేనని, ఇంకో మనిషిని పెడితే మళ్ళీ తనను పిలవరని నాయన అన్నాడు. గట్టిగా అనలేదు. వాదించడానికి ఇద్దరికీ ఓపిక లేదు. మా ఇంట్లో పెద్ద సంగతులన్నీ అట్లాగే తేలేవి, ఎవరు ముందు అలిసిపోతే వాళ్ళ వైపు నుంచి.

సోమవారం మధ్యాహ్నం గట్టు మీద జనం నిండిపోయారు. కొండయ్య కొత్త పంచ కట్టుకుని వచ్చాడు. టెంకాయ చిప్పల మీద ఈగలు ముసురుతున్నాయి. మా వాళ్ళ కోసమని సంఘపెద్ద ప్రార్థన కూడా చేశాడు. మెట్ల మొదట్లో పసుపు చల్లారు. నేను నాయన వెనక, అమ్మ పక్కన నిలబడి గుంతలోకి చూశాను. రెండు కళ్ళతో చూస్తే లోతు నన్ను లాగింది. ఎడమ కన్ను మూసుకున్నాను. మెట్లు లేవు. గట్టు అంచు నుంచి అడుగు దాకా ఒకే తెల్లటి వెలుగు, కడిగి నిలబెట్టిన పలక లాగా. గీత కూడా లేదు.

"దిగన్నా, లగ్నం దాటిపోతది," అన్నాడు మస్తానయ్య.

నాయన ఉలీ సుత్తీ ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. కుడి కాలు ఎత్తాడు. గాలిలో కొంచెం వెతికి, మళ్ళీ గట్టు మీదే పెట్టాడు. జనం అది ప్రార్థన అనుకున్నారు. తలగుడ్డలు తీశారు. నాయన ఇంకోసారి కాలు ఎత్తాడు. ఈసారి అది వెతకలేదు. దిగేదానిలాగే కదిలింది. మళ్ళీ ఆగింది.

చెయ్యి పట్టుకుంటే ఆయన కన్ను సంగతి అందరికీ తెలిసిపోతుంది. పట్టుకోకపోతే పడతాడు. ఇంకో దారి ఉందని నాకు అప్పుడు తోచింది. అది ఆలోచన కూడా కాదు. బొమ్మలో ఒకచోట ఖాళీ ఉంటే చెయ్యి దానంతటదే పోతుంది, అట్లా. తొలి ఉలి పడక ముందు ఆడది గుంతలో కాలు పెడితే తప్పు ఆడదానిది. గుంత చెడింది అంటారు, ఆ ఇంటివాడి చేత ఇక ఉలి పట్టించరు. ఆయన కన్ను గురించి మాత్రం ఎవరూ అనరు. మంగళవారం బండి, కర్నూలు, దొరసాని ఇచ్చిన మాట అన్నీ నా ఎదుట ఉన్నాయి. ఒంటికంటితో చూసినట్టు, అన్నీ ఒకే దూరంలో.

"మణీ," అంది అమ్మ నా వెనక. వద్దనలేదు.

నేను నాయన కుడి పక్క నుంచి, పసుపు మీదుగా, ఆయన కంటే ముందు దిగాను. పైన ఎవరో అరిచారు. మస్తానయ్య తిట్టు సగంలో ఆగిపోయింది. నేను రెండో మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి, నా తల తన తలకు ఎంత దిగువన ఉందో చూసి మెట్ల లోతు నాయన కొలుచుకునేట్టు, నిటారుగా నిలబడ్డాను.